బెయిలొచ్చింది, మనిషి రాలేదు



మన దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళను తీసుకుంటే, ప్రతి నలుగురిలో ముగ్గురికి ఏ కోర్టూ ఇంకా శిక్ష వేయలేదు. ఈ మాట మళ్ళీ చెబుతాను. నలుగురిలో ముగ్గురికి శిక్ష పడలేదు. 2022 సంవత్సరానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో ఇచ్చిన లెక్క ఇది. వాళ్ళ మీద కేసుంది. ఆ కేసు తేలలేదు. తేలేదాకా లోపలున్నారు. రాతల్లో వాళ్ళను విచారణ ఖైదీలు అంటారు. కోర్టు ఆవరణలో అందరూ అనేది రిమాండు ఖైదీలు అని.

వీళ్ళలో కొందరి మీద ఘోరమైన కేసులున్నాయి. బయటికి వదిలితే సాక్షులకు ముప్పు. వాళ్ళ సంగతి ఈ రోజు నేను ఎత్తడం లేదు. నేను మాట్లాడేది చిన్న కేసులో చిక్కుకున్న వాళ్ళ గురించి. బెయిలు అడిగే దిక్కు లేక కొందరు లోపలున్నారు. బెయిలు వచ్చాక కూడా జామీను నిలబడే మనిషి లేక కొందరు లోపలున్నారు. బెయిలొచ్చింది, మనిషి రాలేదు. అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఒక కేసు స్టేషన్లో మొదలై కోర్టుదాకా ఎలా నడుస్తుందో తెలియాలి.

ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. ఊరు శ్రీకాకుళం జిల్లాలో. హైదరాబాదులో అపార్టుమెంటు కడుతున్న చోట సెంట్రింగు పని. ఇరవై రెండేళ్ళు. రాత్రిళ్ళు ఆ సైటులోనే రేకుల షెడ్డులో పడక. ఒకరోజు పొద్దున చూస్తే రాగి వైరు చుట్టలు కనబడలేదు. కాంట్రాక్టరు స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చాడు. రాత్రి అక్కడ పడుకున్నది ఈ కుర్రాడే, అనుమానం అతని మీదే అన్నాడు.

ఆ ఫిర్యాదును స్టేషన్లో నమోదు చేస్తారు. అదే ఎఫ్ఐఆర్. కేసుకు అదే మొదటి మెట్టు. కాంట్రాక్టరు వెళ్తే ఒక్క పూటలో నమోదయ్యే ఎఫ్ఐఆర్, రేపు ఇదే కుర్రాడు "నన్ను కొట్టి ఫోను లాక్కున్నారు సార్" అంటూ వెళ్తే అంత సులువుగా నమోదవుతుందా? చట్టం ప్రకారం కావాలి. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం ఫిర్యాదులో కనబడితే, ఎఫ్ఐఆర్ కట్టడం తప్ప పోలీసులకు మరో దారి లేదని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ నేరం మా స్టేషను పరిధిలో జరగలేదు, ఫలానా స్టేషనుకు వెళ్ళు అని తిప్పి పంపడానికి కూడా వీల్లేదు. ఎక్కడ ఇచ్చినా తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో రాసి పంపవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. ఆ కాగితం మీ చేతిలో ఉంటే కేసు నంబరు మీ చేతిలో ఉన్నట్టే.

సరే, మన కుర్రాడి దగ్గరికి వద్దాం. సాయంత్రం ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి రమ్మన్నారు. జీపెక్కించారు.

ఎఫ్ఐఆర్‌లో పేరు రాగానే అరెస్టు చేసి తీరాలని చాలామంది అనుకుంటారు. అలాంటి నియమమేమీ లేదు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు కాగితం మీద కారణం రాయాలి. పారిపోతాడనో, సాక్ష్యం మాయం చేస్తాడనో, ఏదో ఒక కారణం చూపాలి. కారణం లేకపోతే నోటీసు ఇచ్చి, పిలిచినప్పుడు రమ్మనాలి. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఈ రక్షణ అందులోనూ ఉంది. మన కుర్రాడి మీద ఉన్నది దొంగతనం కేసు. శిక్ష ఏడేళ్ళు దాటదు. అంటే అతనికి నోటీసుతో సరిపోవచ్చు. కానీ అతనికి హైదరాబాదులో సొంత చిరునామా లేదు. ఉన్నది రేకుల షెడ్డు. దొరకడేమోనని పోలీసులు అరెస్టుకే మొగ్గుతారు. చూశారా, పేదరికం ఈ కథలోకి అడుగు పెట్టింది ఇక్కడే.

అరెస్టు చేశాక ఏం చేయాలి? ఎందుకు అరెస్టు చేశారో అతనికి చెప్పాలి. ఊరికే గొణిగితే చాలదు. కారణాలు రాసి ఇవ్వాలి, అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి అని సుప్రీంకోర్టు ఇటీవలి తీర్పుల్లో చెబుతూ వస్తోంది. ఇంట్లోవాళ్ళకో, అతను చెప్పిన స్నేహితుడికో కబురు పెట్టాలి. అరెస్టు పత్రం మీద సాక్షి సంతకం ఉండాలి. అరెస్టు చేసే పోలీసు ఒంటి మీద పేరు స్పష్టంగా కనబడాలి. ఈ చివరి మూడూ 1996లో డి.కె. బసు కేసు నుంచి వచ్చిన నియమాలు. తర్వాత చట్టంలోకి ఎక్కాయి. డాక్టరు పరీక్ష కూడా చేయించాలి. ఒంటి మీద దెబ్బలుంటే డాక్టరుకు చెప్పాలి. అప్పుడు చెప్పని దెబ్బను ఆరు నెలల తర్వాత కోర్టులో నిరూపించడం ఎంత కష్టమో లాయర్లకు తెలుసు.

ఇక్కడే ఇంకో సంగతి. మర్నాడు పేపర్లో "నేరం ఒప్పుకున్న నిందితుడు" అని వస్తుంది. మనం చదివి, ఇక తేలిపోయిందిలే అనుకుంటాం. శ్రోతలారా, పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఇది నిన్న మొన్నటి రూలు కాదు. బ్రిటిషువాళ్ళు 1872లో తెచ్చిన సాక్ష్య చట్టంలోనే ఉంది, ఇప్పటి కొత్త చట్టంలోనూ ఉంది. లాఠీ ముందు మనిషి ఏదైనా ఒప్పుకుంటాడని పరాయి పాలకులకే తెలుసు. అతను చెప్పిన చోట తవ్వితే వైరు చుట్టలు దొరికాయనుకోండి, ఆ చోటు చూపిన మాట మేరకు కోర్టు చూస్తుంది. అంతవరకే. పోలీసు ప్రెస్ మీట్‌లో ముసుగు వేసి నిలబెట్టిన మనిషిని దొంగ అని మనం పిలిచేస్తున్నామంటే, జడ్జి చేయాల్సిన పని మనం టీవీ ముందు కూర్చుని చేస్తున్నామన్నమాట. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

అరెస్టయిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ప్రయాణానికి పట్టే టైము తీసేసి ఇరవై నాలుగు గంటలు. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. ఆదివారమైనా, పండగైనా అంతే. సెలవు రోజు మేజిస్ట్రేటు గారి ఇంటికి తీసుకువెళ్తారు.

ఈ ఘట్టం దగ్గర నేను కాసేపు ఆగుతాను. ఎందుకంటే మొత్తం కేసులో ఇంత ముఖ్యమైన ఘట్టం, ఇంత తొందరగా అయిపోయే ఘట్టం మరొకటి లేదు.

సాయంత్రం కోర్టు పని ముగిసే వేళ. కోర్టు డ్యూటీ కానిస్టేబులు చేతిలో కాగితాల కట్ట, దాన్ని రిమాండు రిపోర్టు అంటారు. వరండాలో గోడకానుకుని నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. పేరు పిలుస్తారు. కుర్రాడు లోపలికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడతాడు. పైన మేజిస్ట్రేటు కాగితాలు తిరగేస్తారు. "పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?" అని అడుగుతారు. కుర్రాడు పక్కనున్న కానిస్టేబులు వైపు చూసి, "లేదు సార్" అంటాడు. "లాయరున్నాడా?" "లేదు సార్." పద్నాలుగు రోజుల రిమాండు. బయటికి. కొన్ని నిమిషాల్లో అయిపోయింది.

ఆ కొన్ని నిమిషాల్లో మేజిస్ట్రేటు చేయాల్సిన పని చాలా ఉంది. అరెస్టు అవసరమేనా? పోలీసులు రాసిన కారణాలు సరిపోతాయా? దెబ్బలున్నాయా? ఇంట్లోవాళ్ళకు కబురు వెళ్ళిందా? ఇంకొకటి. లాయరు లేకపోతే, ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టుకునే హక్కు నీకుందయ్యా అని మేజిస్ట్రేటే చెప్పాలి. బీహారులోని భాగల్పూర్‌లో పోలీసులు నిందితుల కళ్ళు పొడిచిన కేసు వచ్చినప్పుడు సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు అంటే కుదరదు. తనకో హక్కుందని తెలియనివాడు ఎలా అడుగుతాడు?

అయితే ఆ ఒక్క మాట "లేదు సార్" అన్నప్పుడు అతని గొంతు ఎలా ఉందో విని పోల్చుకునే మేజిస్ట్రేట్లు ఉన్నారు. కానిస్టేబులును బయటికి పంపి, మళ్ళీ అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ కోర్టులో ఆ కొన్ని నిమిషాలు మనిషి బతుకునే మార్చేస్తాయి.

కుర్రాడిప్పుడు జైల్లో ఉన్నాడు. ఊళ్ళో తల్లికి కబురందింది. ఎవరో లాయరును మాట్లాడారు. బెయిలు పిటిషను వేశారు. జడ్జి విన్నారు, బెయిలు ఇచ్చారు. అయితే షరతు. ఇద్దరు జామీనుదారులు, ఒక్కొక్కరు ఇంత మొత్తానికి.

జామీను అంటే డబ్బు కట్టేయడం కాదని మీలో చాలామందికి తెలుసు. ఈ మనిషి వాయిదాకు రాకపోతే ఆ మొత్తం నేను కడతాను అని ఇంకొకరు పూచీ పడటం. ఆ పూచీ పడేవాళ్ళు ఆస్తి చూపాలి. పట్టాదారు పాసుపుస్తకమో, ఇంటి పన్ను రసీదో, జీతం సర్టిఫికెట్టో తేవాలి. సెంట్రింగు పనివాడికి హైదరాబాదులో అలాంటి కాగితం ఉన్న స్నేహితుడు ఎక్కణ్ణించి వస్తాడు? అతని స్నేహితులూ రేకుల షెడ్డుల్లో ఉన్నవాళ్ళే. ఊళ్ళో మేనమామకు ముప్పావు ఎకరం ఉంది. ఆయన పాసుపుస్తకం పట్టుకుని రాత్రంతా రైల్లో కూర్చుని వస్తే, ఇది వేరే జిల్లా, వేరే రాష్ట్రం, ఇక్కడి జామీను కావాలి అంటారు. ఆయన పుస్తకం సంచీలో పెట్టుకుని తిరిగి వెళ్ళిపోతాడు. ఇదిగో, బెయిలొచ్చింది, మనిషి రాలేదు.

మోతీరాం అని మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు. అతనికి బెయిలు ఇవ్వమని సాక్షాత్తూ సుప్రీంకోర్టే చెప్పింది. కింది కోర్టు పదివేల రూపాయలకు జామీను అడిగింది. ఆ రోజుల్లో మేస్త్రీకి పదివేలంటే ఏమిటో మీరే ఊహించండి. పోనీ సోదరుడు జామీను ఉంటానంటే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది, పనికిరాదు అన్నారు. ఆ మేస్త్రీ మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన ఆ తీర్పులో మన ప్రస్తావన కూడా ఉంది. ఒక మలయాళీనో, కన్నడిగుడో, తమిళుడో, తెలుగువాడో ఎక్కడో బస్తర్‌లోనో, పోర్ట్‌బ్లెయిర్‌లోనో, ఢిల్లీ చాందినీచౌక్‌లోనో అరెస్టయితే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కణ్ణించి తెస్తాడు అని ఆయన అడిగారు. దేశమంతా ఒకటే అయినప్పుడు జిల్లా సరిహద్దు దగ్గర మనిషి పూచీ ఎందుకు ఆగిపోవాలి అన్నది ఆయన బాధ. మోతీరాంను వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలిపెట్టమన్నారు. సొంత పూచీకత్తు అంటే ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు. నేను వాయిదాకు వస్తాను అని ముద్దాయి స్వయంగా రాసిచ్చే కాగితం.

1978లో చెప్పారు కదా, ఇక సమస్య తీరిపోయిందా? తీరలేదు. 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ముందే నిలబడి, చిన్న చిన్న కేసుల్లో ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గిపోతున్న పేదవాళ్ళ గురించి మాట్లాడారు. తర్వాత రెండు నెలలకు, 2023 జనవరి 31న, సుప్రీంకోర్టు కొత్త ఆదేశాలిచ్చింది. ఇవి మీకు పనికొస్తాయి, జాగ్రత్తగా వినండి. బెయిలు ఇచ్చిన రోజే, లేదంటే మర్నాడు, ఆ ఉత్తర్వు కాపీ జైలుకు ఈమెయిల్లో వెళ్ళాలి. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే, జైలు సూపరింటెండెంటు, ఉచితంగా లాయరును ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఆ సంగతి తెలియజేయాలి. నెల రోజులైనా జామీను దొరకకపోతే, షరతు సడలించాలా అని కోర్టు తనంతట తానే చూడవచ్చు. స్థానికులే జామీను ఉండాలన్న షరతు పెట్టవద్దని కూడా అందులో ఉంది. ఏడు రోజులు, నెల రోజులు. ఈ రెండు గడువులు గుర్తుంచుకోండి.

మేస్త్రీ మోతీరాంకు చెప్పిన మాటనే నలభై ఐదేళ్ళ తర్వాత మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. న్యాయం తెలియక కాదు ఈ ఆలస్యం. తెలిసిన న్యాయాన్ని ప్రతి కోర్టు గదిలో, ప్రతి వాయిదాలో ఎవరో ఒకరు గుర్తుచేయాలి. గుర్తుచేసే లాయరు పేదవాడి పక్కన లేకపోవడమే అసలు జబ్బు అని నేను నమ్ముతాను.

చట్టంలో ఇంకో రెండు తలుపులున్నాయి. మొదటిది, చార్జిషీటు గడువు. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో పెట్టే నివేదికే చార్జిషీటు. మనిషి జైల్లో ఉన్నప్పుడు మామూలు కేసుల్లో 60 రోజుల్లో, పదేళ్ళు లేదా అంతకు పైన శిక్ష, యావజ్జీవం, మరణశిక్ష పడే కేసుల్లో 90 రోజుల్లో చార్జిషీటు వేయాలి. గడువు దాటిందా, బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అడగాలి. చార్జిషీటు పడకముందే పిటిషను వేయాలి. 61వ రోజు అడగకుండా ఊరుకుని, 65వ రోజు చార్జిషీటు పడితే, ఆ తలుపు మూసుకుపోయినట్టే. మళ్ళీ చెబుతున్నాను. గడువు దాటిన రోజే అడగాలి.

రెండో తలుపు, శిక్షలో మూడో వంతు. ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాళ్ళు, తమ మీద మోపిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే వాళ్ళను బెయిలు మీద విడిచిపెట్టాలి. మూడేళ్ళ శిక్ష ఉన్న కేసులో ఏడాది అన్నమాట. ఇంతకుముందు శిక్ష పడినవాళ్ళకైతే సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకూ వర్తించదు. ఆ గడువు రాగానే కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుది. కొత్త చట్టం రాకముందు కేసుల్లో ఉన్నవాళ్ళకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ తలుపులు ఊరికే తెరుచుకోలేదు. 1979 మొదట్లో కె.ఎఫ్. రుస్తుంజీ అనే పోలీసు ఉన్నతాధికారి బీహారు జైళ్ళు చూసి వచ్చి ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రాశారు. విచారణే మొదలు కాకుండా ఏళ్ళ తరబడి లోపలున్న మనుషులు. నేరం రుజువైనా పడే శిక్ష కంటే ఎక్కువ కాలం గడిపేసినవాళ్ళు. వాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు. కపిలా హింగోరాణీ అనే న్యాయవాది ఆ పేపరు పట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసుకు ఒక ఖైదీ పేరే పెట్టారు, హుస్సేనారా ఖాతూన్ కేసు అని. జస్టిస్ భగవతి ధర్మాసనం, విచారణ త్వరగా జరగడం మనిషి జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ కేసు వల్ల దేశంలో వేలాదిమంది విచారణ ఖైదీలు బయటికి వచ్చారు. ఒక పోలీసు అధికారి రాశాడు, ఒక న్యాయవాది చదివింది, ఒక జడ్జి విన్నాడు. ముగ్గురూ ఈ వ్యవస్థలోని మనుషులే.

ఇక విచారణ. చార్జిషీటు పడ్డాక కోర్టు అభియోగాలు చదివి వినిపిస్తుంది. నేరం ఒప్పుకుంటావా అని అడుగుతుంది. ఒప్పుకోకపోతే సాక్షులు వస్తారు. ప్రభుత్వం తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటరు సాక్ష్యం చెప్పిస్తారు, ముద్దాయి లాయరు అడ్డుప్రశ్నలు వేస్తారు. నేరం చేశాడని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే. చేయలేదని ముద్దాయి రుజువు చేసుకోనక్కర్లేదు. అనుమానం మిగిలితే కేసు కొట్టేస్తారు. తీర్పు నచ్చకపోతే మేజిస్ట్రేటు కోర్టు నుంచి సెషన్సు కోర్టుకు, అక్కణ్ణించి హైకోర్టుకు వెళ్ళవచ్చు.

ఇదంతా సాగదీసేది వాయిదాలు. ముద్దాయి బాధ సరే, సాక్షి బాధ కూడా తలుచుకోండి. మన కథలో వాచ్‌మన్ ఒక సాక్షి. పొద్దున్నే కూలి మానుకుని వస్తాడు, సాయంత్రందాకా చెట్టు కింద కూర్చుంటాడు, లాయరు రాలేదని వాయిదా పడుతుంది. మూడోసారికి అతను రాడు. వచ్చినా, నాకేమీ గుర్తులేదంటాడు. అలా ఎన్నో నిజమైన కేసులు కూడా కూలిపోతాయి. దొంగ తప్పించుకుంటాడు, నష్టపోయినవాడు ఏడుస్తూ ఇంటికి వెళ్తాడు.

చివరగా, మీ ఇంట్లోనో, వీధిలోనో ఎవరైనా అరెస్టయితే ఏం చేయాలో చెబుతాను. ఆ రాత్రే స్టేషనుకు వెళ్ళండి. ఏ కేసు, ఎఫ్ఐఆర్ నంబరెంత, రేపు ఏ కోర్టులో హాజరు పెడతారు, ఈ మూడు అడిగి కాగితం మీద రాసుకోండి. మర్నాడు మేజిస్ట్రేటు ముందు పెట్టే వేళకు అక్కడ ఉండండి. లాయరు లేకపోతే కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. అక్కడికి వెళ్ళి, "అయ్యా, మా అబ్బాయికి లాయరు లేడు" అని చెప్పండి. ఈ సంస్థల కోసం 1987లో చేసిన చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మీరు వెళ్ళలేకపోతే ఫోను చేయండి. దేశమంతటికీ ఒకటే నంబరు. రాసుకోండి. ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా. 15100. బెయిలొచ్చి ఏడు రోజులైనా మనిషి రాకపోతే, ఆ నంబరుకే మళ్ళీ చేయండి. జామీను దొరకలేదు, సొంత పూచీకత్తు మీద వదిలేలా పిటిషను వేయండి అని అడగండి.